దోమల సీజన్‌లో ఫీల్డ్ పనికి దిగే ముందు

నైరుతి వానలు పడితే విశాఖలో దోమల నివారణ సిబ్బందిగా మన పని మొదలైనట్టే. ఆరిలోవ కొండవాలు ఇళ్ల నుంచి ఫిషింగ్ హార్బర్ జెట్టీ దాకా, మధురవాడలో సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంట్ల నుంచి జ్ఞానాపురం ఇరుకు సందుల దాకా, నీళ్లు నిలిచిన చోటికల్లా వెళ్లాలి. నవంబర్ వరకు ఇదే తిరుగుడు. తుపాను వచ్చిందంటే ఆ తర్వాత కూడా తప్పదు. కొత్తగా చేరేవాళ్లకు ట్రైనింగ్‌లో మందు కొలతలు చెబుతారు, ఫారాలు నింపడం నేర్పుతారు. మన ఒంటిని మనం ఎలా కాపాడుకోవాలన్నది మాత్రం రెండు మాటల్లో తేల్చేస్తారు. పదకొండు సీజన్లు ఈ పని చేశాను కాబట్టి ఆ మిగతా మాటలు నేను చెబుతాను.

నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ వాటికి కారణం తొందర. రోజుకు ఇన్ని ఇళ్లు చూడాలని లెక్క ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ లెక్క నెత్తిన కూర్చుంటుంది. నాలుగేళ్ల కిందట మా గ్రూపులో ఒక కుర్రాడు, ఇంకా తొమ్మిది ఇళ్లు ఉన్నాయన్న టెన్షన్‌లో, అప్పుడే వాన వెలిసిన మేడ ఎక్కాడు. నేలంతా పాచి, పిట్టగోడ లేదు. కాళ్లకు అరిగిపోయిన హవాయి చెప్పులు, ఎందుకంటే గంబూట్లు అప్పటికింకా రాలేదు. సింటెక్స్ ట్యాంకు మూత తీయబోయి జారి కింద పడ్డాడు. ఇసుక కుప్ప ఉండబట్టి చెయ్యి విరగడంతో బయటపడ్డాడు. ఆ రోజు అతన్ని ఆటోలో తీసుకెళ్తూ నేను ఎంత వణికిపోయానో ఇప్పటికీ గుర్తే.

అందుకని మేడ విషయంలో నా మాట వినండి. తడిగా ఉంటే ఎక్కకండి. ఆరాక మళ్లీ వస్తామని ఇంటివాళ్లకు చెప్పి, ఫారంలో అలాగే రాయండి. ఎక్కితే ఇద్దరు ఎక్కండి, ఒకరు నిచ్చెన పట్టుకోండి. మందు కొట్టే పంపు భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కొద్దు, తాడుతో పైకి లాగండి. ట్యాంకులో చూస్తూ వెనక్కి అడుగు వేయకండి. ఒక ఇల్లు తగ్గిందని సూపర్‌వైజర్ నాలుగు మాటలు అంటే అననివ్వండి.

మందు సంగతి. నీళ్లలోని లార్వాను, అంటే దోమ పిల్లపురుగులను, చంపడానికి మనం వాడే టెమిఫాస్ 50 శాతం ద్రావణం 10 లీటర్ల నీటికి 2.5 మిల్లీలీటర్లు కలిపితే చాలు. ఎక్కువ కలిపితే పని బాగా అవుతుందనుకోవడం పొరపాటు. కలిపేటప్పుడు గ్లౌజులు వేసుకుని, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. సముద్రపు గాలి మధ్యాహ్నానికి దిశ మార్చుకుంటుంది, అది గమనించుకోండి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి. ఈ అలవాటు పాతవాళ్లలోనే ఎక్కువ. కొత్తవాళ్లు వాళ్లను చూసి నేర్చుకుంటారు. సన్నని తీగతోనో నీళ్లతోనో శుభ్రం చేయండి. మందు చేతులతో బీడీ, ఖైనీ ముట్టుకోవద్దు. తాగే నీళ్ల సీసాలో మందు పోసి తీసుకెళ్లడం ఎప్పుడూ చేయకండి. మీ సీసా ఏ పిల్లవాడి చేతిలో పడుతుందో తెలియదు. మందు పడిన పని బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

ఎవరికైనా ఉన్నట్టుండి చెమటలు పట్టి, నోట్లో నీళ్లూరి, కళ్లు మసకబారి, కడుపులో తిప్పితే అది మందు ప్రభావం కావచ్చు, ఎండ దెబ్బ అనుకుని నీడలో పడుకోబెట్టి ఊరుకోవద్దు. మందు పడిన బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు డబ్బా మీది లేబుల్ వెంట ఉండాలి. ఏ మందో తెలిస్తే డాక్టర్‌కు వైద్యం మొదలుపెట్టడం తేలిక.

ఫాగింగ్ మెషిన్ వేడి మీద ఉండగా డీజిల్ పోయకండి, నిప్పు అంటుకుంటుంది. పొగ చూస్తే పిల్లలు వెనకాల పరుగెత్తుకొస్తారు. సందు మొదట్లో ఒక మనిషిని పెట్టి వాళ్లను ఇళ్లలోకి పంపాకే మెషిన్ నడపండి. పొగతో ఎగిరే దోమలే చస్తాయి, నీళ్లలోవి చావవు. ఈ మాట ఇంటివాళ్లకు చెప్పి, గాబులూ డ్రమ్ములూ వారానికోసారి ఖాళీ చేసి అంచులు రుద్దమనండి. డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి. నీళ్లు పారబోస్తే మాత్రమే సరిపోదు.

గెడ్డల్లో, అంటే మురుగు కాలువల్లో, దిగేవాళ్లు కాళ్ల మీద చిన్న గాయం ఉన్నా ఆ పూట దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు గాయంలోంచి ఒంట్లోకి వెళ్తే ఎలుక జ్వరం వస్తుంది. అది కిడ్నీల దాకా పోతుంది. పొదల్లో అడుగు వేసే ముందు కర్రతో కదపండి. సెప్టిక్ ట్యాంకు దగ్గర మన పని గాలి గొట్టానికి వల కట్టించడం వరకే. మూత తీసి తొంగిచూడకండి. లోపల ఎవరైనా పడిపోయినా వెనకే దిగకండి, ఆ విషవాయువుకు ఊపిరి నిమిషాల్లో ఆగిపోతుంది. ఫైర్ వాళ్లను పిలవండి.

కుక్క కరిస్తే సబ్బుతో పావుగంట నీళ్ల ధార కింద కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లండి. ఆడవాళ్లు ఇళ్లలోకి ఇద్దరేసి వెళ్లండి. తలుపు తీసినవాళ్ల మీద మనసులో అనుమానం వస్తే లోపలికి వెళ్లనక్కర్లేదు. మన ఊరి ఉక్కపోతలో పది గంటలకే ఒళ్లు తడిసిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా మజ్జిగో ఓఆర్‌ఎస్సో గంట గంటకూ తాగండి.

ఇక జ్వరం గురించి. పగటి పూట పని చేస్తాం, డెంగీ దోమ కుట్టేదీ పగలే. పూర్తి చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకోండి. జ్వరం వస్తే రోజు కూలి పోతుందని దాచుకుని పనికి రావడం మనలో చాలామంది చేస్తారు. ఆ బాధ నాకు తెలుసు. అయినా ఆపండి. మొదటి రోజుల్లో రోగి రక్తం తాగిన దోమే మరో మనిషికి డెంగీ అంటిస్తుంది. జ్వరంతో ఉన్న మనిషి రోజంతా ఇళ్లిళ్లూ తిరిగితే ఏమవుతుందో ఆలోచించండి. అదే రోజు మలేరియా, డెంగీ పరీక్ష చేయించుకోండి. ఈ మధ్య మలేరియా ఎక్కువుండే పాడేరు, అరకు వైపు వెళ్లి వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి. పరీక్ష తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకండి, రక్తస్రావం పెరగొచ్చు. డెంగీలో జ్వరం దిగాక ఒకటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.