టెక్సాస్ ఏ అండ్ ఎంలో ఫుట్‌బాల్ టికెట్: స్పోర్ట్స్ పాస్ నుంచి సోమవారం క్యూ దాకా

ఆగస్టులో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఉన్న కాలేజ్ స్టేషన్ ఊళ్లో దిగిన మన విద్యార్థులకు మొదటి రెండు వారాలు తీరికే ఉండదు. అపార్ట్‌మెంట్ లీజు, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, కోర్సుల రిజిస్ట్రేషన్. ఈ హడావిడిలో ఫుట్‌బాల్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. తీరా మొదటి మ్యాచ్ రోజు ఊరు ఊరంతా మెరూన్ రంగు చొక్కాలతో కనిపించేసరికి "టికెట్ ఎక్కడ కొనాలి?" అని సీనియర్లకు ఫోన్లు మొదలవుతాయి. చాలాసార్లు అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ విద్యార్థి టికెట్ అనేది సినిమా టికెట్‌లా ఆ రోజుకారోజు కొనుక్కునేది కాదు. ముందు స్పోర్ట్స్ పాస్ తీసుకోవాలి, ఆ తర్వాత ప్రతి మ్యాచ్ వారంలో టికెట్ 'పుల్' చేయాలి, అంటే ఆ మ్యాచ్‌కు సీటు తీసుకోవాలి. రెండూ వేర్వేరు పనులు. ఒకటి చేసి రెండోది మరిచిపోతే మ్యాచ్ చూడలేరు.

ఇది మన ఫుట్‌బాల్ కాదని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ ఇది. జట్టుకు 11 మంది. పదిహేనేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. అయినా మ్యాచ్ పూర్తయ్యేసరికి మూడు గంటలు దాటుతుంది. నియమాలు తెలియకపోయినా ఫర్వాలేదు, పక్కన నిలబడ్డవాళ్లు ఓపిగ్గా చెబుతారు. నాకూ అలాగే తెలిసింది.

ముందుగా స్పోర్ట్స్ పాస్

స్పోర్ట్స్ పాస్ అంటే ఆ విద్యాసంవత్సరం మొత్తానికి క్రీడా విభాగం అమ్మే పాస్. యూనివర్సిటీలో చేరినంత మాత్రాన ఇది దానంతటదే రాదు. ట్యూషన్ ఫీజుతో సంబంధం లేకుండా విడిగా కొనుక్కోవాలి. ధర ఏటా మారుతుంది. కొన్ని వందల డాలర్లు అవుతుంది కాబట్టి మొదటి నెల ఖర్చుల లెక్కలో దీన్నీ వేసుకోండి. కొనేటప్పుడు అందులో ఫుట్‌బాల్ ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. ఫుట్‌బాల్ ఉన్న పాస్‌తో రీడ్ అరీనాలో బాస్కెట్‌బాల్, బ్లూ బెల్ పార్క్‌లో బేస్‌బాల్ లాంటి మిగతా ఆటలు కూడా చూడొచ్చు కాబట్టి, ఏడాది మొత్తం వాడుకుంటే ఆ డబ్బు గిట్టుబాటవుతుంది.

కొనడం ఆన్‌లైన్‌లోనే. యూనివర్సిటీ నెట్ ఐడీతో లాగిన్ అయి, క్రీడా విభాగం వెబ్‌సైట్‌లోని విద్యార్థుల టికెట్ పేజీలో తీసుకోవాలి. మీ యూఐఎన్, అంటే తొమ్మిది అంకెల విద్యార్థి నంబరు, దగ్గర పెట్టుకోండి. అడ్మిషన్ ఖరారై, నెట్ ఐడీ పనిచేయడం మొదలైతే హైదరాబాద్‌లో కూర్చుని కూడా ఈ పని చేసుకోవచ్చు. పాస్‌ల అమ్మకం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో వేసవిలోనే చూసుకోవాలి. వీసా స్టాంపింగ్, విమానం టికెట్ పనుల మధ్య దీనికి కూడా ఒక పది నిమిషాలు కేటాయించండి.

కార్డు విషయంలో ఒక జాగ్రత్త. కొత్తగా వచ్చేవాళ్ల దగ్గర ఎక్కువగా ఇండియాలో తీసుకున్న ఫారెక్స్ కార్డే ఉంటుంది. బిల్లింగ్ అడ్రస్ అడిగినచోట కాలేజ్ స్టేషన్ చిరునామా వేస్తే పేమెంట్ తిరస్కరించే అవకాశం ఉంది. బ్యాంకు దగ్గర ఏ చిరునామా ఉందో అదే ఇవ్వండి. ఓటీపీ ఇండియా నంబరుకు వస్తుందంటే ఆ సిమ్ పనిచేస్తూ ఉండాలి.

టికెట్ పుల్: ఎవరి రోజు ఏది

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి ఇదే. సొంత మైదానంలో మ్యాచ్ ఉన్న వారంలో, పాస్ ఉన్న విద్యార్థులు కైల్ ఫీల్డ్ స్టేడియం టికెట్ కౌంటర్ల దగ్గరికి వెళ్లి ఆ మ్యాచ్‌కు సీటు తీసుకుంటారు. దీన్నే టికెట్ పుల్ అంటారు. మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. మామూలు వారంలో సోమవారం సీనియర్లకు, అంటే బీఎస్ నాలుగో ఏడాది వాళ్లకు, ఎంఎస్, పీహెచ్‌డీ చేసే గ్రాడ్యుయేట్ విద్యార్థులకు. మంగళవారం జూనియర్లకు, అంటే మూడో ఏడాది వాళ్లకు. బుధవారం సోఫోమోర్లకు, అంటే రెండో ఏడాది వాళ్లకు. గురువారం ఫ్రెష్‌మెన్‌కు, అంటే మొదటి ఏడాది వాళ్లకు. బీఎస్ విద్యార్థులు ఏ ఏడాది కిందికి వస్తారన్నది వాళ్లు పూర్తిచేసిన క్రెడిట్లను బట్టి ఉంటుంది.

గమనించారా, గ్రాడ్యుయేట్ విద్యార్థులది సోమవారం. ఎంఎస్‌లో చేరి పట్టుమని పది రోజులు కాకపోయినా, నాలుగేళ్లుగా ఇక్కడే చదువుతున్న సీనియర్‌తో సమానంగా మొదటి రోజే క్యూలో నిలబడే హక్కు మీకుంది. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. కొత్తగా వచ్చాం కదా, మనది చివరి వంతేమో అనుకుని గురువారం వెళ్తారు. అప్పటికి మిగిలేవి చాలావరకు పై అంతస్తులోని సీట్లు. విద్యార్థులకు స్టేడియం తూర్పువైపు కేటాయిస్తారు. అందులో కింది డెక్‌కూ (అంతస్తుకూ) మూడో డెక్‌కూ తేడా ఎంతో ఒక్కసారి రెండుచోట్లా నిలబడి చూస్తే గానీ అర్థం కాదు.

కౌంటర్లు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. చిన్న జట్టుతో మ్యాచ్ అయితే తీరిగ్గా వెళ్లినా సరిపోతుంది. పెద్ద మ్యాచ్ అయితే మాత్రం ముందు రాత్రే టెంట్లు వెలుస్తాయి. 2024 నవంబరు 30న యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ జట్టు లాంగ్‌హార్న్స్‌తో జరిగిన మ్యాచ్‌నే చూడండి. ఏ అండ్ ఎం 2012లో ఎస్ఈసీ (సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్) అనే లీగ్‌లోకి మారడంతో ఈ రెండు జట్ల పోరు 2011తో ఆగిపోయింది. టెక్సాస్ కూడా ఎస్ఈసీలో చేరాక మళ్లీ మొదలైంది. పదమూడేళ్ల ఎదురుచూపు కదా, విద్యార్థులు రోజుల తరబడి స్టేడియం బయటే టెంట్లు వేసుకుని ఉన్నారు. 1,02,733 మంది పట్టే స్టేడియంలో ఆ రోజు లక్షా తొమ్మిది వేల మంది ఉన్నారు. ఏ అండ్ ఎం 17-7 తేడాతో ఓడిపోయింది. అయినా ఆ రాత్రి అక్కడ ఉన్నవాళ్లెవరూ వెళ్లినందుకు బాధపడి ఉండరు.

సోమవారం ఉదయం క్లాసో, టీఏ (టీచింగ్ అసిస్టెంట్) డ్యూటీయో ఉంటే? స్నేహితులు గుంపుగా పుల్ చేసుకునే వీలుంది. అందరి వివరాలూ పట్టుకుని ఒకరు క్యూలో నిలబడతారు, సీట్లు పక్కపక్కన వస్తాయి. గుంపులో వేర్వేరు ఏళ్ల విద్యార్థులు కలిసి ఉంటే ఎవరి రోజున వెళ్లాలో సీజన్‌కు ముందే నియమాల్లో ప్రకటిస్తారు. అది చదివాకే గుంపు కట్టండి. థాంక్స్‌గివింగ్ లాంటి సెలవులున్న వారంలో పుల్ రోజులను విడిగా చూసుకోండి. నా మొదటి పుల్‌కు మా ల్యాబ్‌లోని నలుగురం తెల్లవారుజామున ఐదింటికి వెళ్లాం. ఒకరు క్యూలో నిలబడితే ఒకరు కాఫీ తెచ్చారు. ఎనిమిదింటికల్లా ముందూ వెనకా ఉన్న పదిమందితో పరిచయమైంది. ఆ పరిచయాల్లో రెండు ఇప్పటికీ ఉన్నాయి.

మ్యాచ్ రోజు

టికెట్ ఇప్పుడు ఫోన్‌లోకే వస్తుంది. లక్షమంది ఒకేచోట చేరితే సిగ్నల్ సరిగా అందదు కాబట్టి గేటు దగ్గరికి వెళ్లకముందే ఫోన్‌లోని వాలెట్ యాప్‌లో సేవ్ చేసుకోండి. ఛార్జింగ్ నిండుగా ఉండాలి. మీది విద్యార్థి టికెట్ కాబట్టి విద్యార్థి ఐడీ కార్డు మరవకండి. బ్యాగు తీసుకెళ్తే పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల వెడల్పు దాటకూడదు. మామూలు కాలేజీ బ్యాగుతో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. మ్యాచ్ మొదలయ్యే సమయం టీవీ ప్రసారాన్ని బట్టి ఖరారవుతుంది. కొన్ని మ్యాచ్‌లకు వారం, రెండు వారాల ముందు వరకూ తేలదు. సెప్టెంబరు మధ్యాహ్నం మ్యాచ్ అంటే మన రోహిణి కార్తె ఎండే అనుకోండి. టోపీ పెట్టుకుని, కడుపునిండా నీళ్లు తాగి వెళ్లండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, విద్యార్థులు మ్యాచ్ అంతా నిలబడే ఉంటారు. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజీతో మ్యాచ్‌లో ఏ అండ్ ఎం ఆటగాళ్లు ఒక్కొక్కరే గాయపడుతుంటే, కోచ్ డానా బైబిల్ ప్రేక్షకుల్లో ఉన్న ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థిని పిలిపించి యూనిఫాం వేయించాడు. ఆయన ఆడాల్సిన అవసరం రాలేదు. కానీ చివరిదాకా సైడ్‌లైన్ దగ్గర సిద్ధంగా నిలబడ్డాడు. జట్టు 22-14తో గెలిచింది. విద్యార్థులందరినీ '12వ మనిషి' అనడం అందుకే. వందేళ్లు దాటినా వాళ్లు నిలబడే చూస్తున్నారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లకు విద్యార్థుల వైపు కాకుండా మామూలు టికెట్లు కొనడమే మంచిది.

వెంట వచ్చేవాళ్లకు టికెట్ కొనాలంటే

మీ భార్యనో భర్తనో, డల్లాస్ నుంచి వచ్చిన స్నేహితుణ్నో తీసుకెళ్లాలంటే గెస్ట్‌లకు విడిగా ధర ఉంటుంది. విద్యార్థి టికెట్‌ను విద్యార్థి కానివాళ్లకు అలాగే ఇచ్చేయకూడదు. ముందే టికెట్ ఆఫీసులో అడగండి. వాట్సాప్ గ్రూపుల్లో "రాలేకపోతున్నాం, టికెట్ అమ్ముతాం" అనే పోస్టులు మ్యాచ్ వారమంతా వస్తూనే ఉంటాయి. ముఖం తెలియనివాళ్లకు జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) డబ్బు పంపకండి, ఒకసారి వెళ్లిన డబ్బును వెనక్కి రప్పించడం చాలా కష్టం. టికెట్ స్క్రీన్‌షాట్‌ను కూడా నమ్మవద్దు. టికెట్ మీ ఖాతాలోకి ట్రాన్స్‌ఫర్ అయ్యాకే డబ్బు ఇవ్వండి.

వేరే యూనివర్సిటీలో ఉన్నవాళ్లకు ఈ పద్ధతి వర్తించదు. డెంటన్‌లోని నార్త్ టెక్సాస్‌లో, అరిజోనా స్టేట్‌లో ఫీజులోనే క్రీడల రుసుము కలిసి ఉంటుంది, విద్యార్థులు మ్యాచ్‌కు వేరే డబ్బు కట్టరు. పెన్ స్టేట్‌లో సీజన్ మొత్తానికి విద్యార్థి టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. మనవాళ్లు వందలాదిగా చదివే యూటీ డల్లాస్‌కు అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు.

ఈ ఏడాదికి పాస్ చేజారిపోయిందా? సొంత మైదానంలో మ్యాచ్ ఉందంటే ముందు రాత్రి పన్నెండింటికి కైల్ ఫీల్డ్‌కు వెళ్లండి. మిడ్‌నైట్ యెల్ అని, వేలమంది చేరి మర్నాటి మ్యాచ్ కోసం నినాదాలు సాధన చేస్తారు. దానికి టికెట్ లేదు, పాస్ అక్కర్లేదు. ఎవరైనా వెళ్లొచ్చు.