కారు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో కోత పెడితే ఎలా అడగాలి?

క్లెయిమ్ తగ్గించారని తెలియగానే చాలామంది కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అరుస్తారు, లేదంటే వర్క్‌షాప్ అడ్వైజర్ మీద పడతారు. గొంతు పోవడం తప్ప పైసా రాదు. వాళ్లు కాగితం మీద కోశారు కాబట్టి మనమూ కాగితం మీదే అడగాలి. వాట్సాప్ కూడా వద్దు, మెయిలే పెట్టండి.

షరతులతో సహా పూర్తి పాలసీ, వర్క్‌షాప్ ఎస్టిమేట్, ఫొటోలు, సర్వే రిపోర్టు (నష్టం లెక్కగట్టే సర్వేయర్ ఇచ్చేది) దగ్గర పెట్టుకోండి. రిపోర్టు ఇవ్వకపోతే కాపీ కావాలని మెయిల్ చేయండి. విరిగిన పార్టులను విషయం తేలేదాకా పారేయొద్దని వర్క్‌షాప్‌కు రాసివ్వండి.

ఇక అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఎస్టిమేట్‌నూ సర్వేయర్ లెక్కనూ పక్కపక్కన పెట్టి, రూలు ప్రకారం తగ్గినదేదో, సర్వేయర్ సొంత నిర్ణయంతో కోసినదేదో విడదీయాలి. ఇది చేయకుండా ‘మొత్తం డబ్బు ఇవ్వండి’ అని రాసేవాళ్ల మెయిల్‌కు రెండు లైన్ల జవాబు వస్తుంది, అంతే.

జీరో డెప్ (తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు, బ్యాటరీకి 50 శాతం తరుగు, అంటే వాడకంతో తగ్గిన విలువ, తీసేస్తారు. ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం. అద్దాలకు తరుగు లేదు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి పెరుగుతుంది: ఆరు నెలల్లోపు ఏమీ ఉండదు, మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపైతే 25 శాతం, అయిదేళ్లు దాటి పదేళ్లలోపైతే 40, పదేళ్లు దాటితే 50. వీటి మీద గొడవ పడి లాభం లేదు. బంపర్‌కు సగమే ఇచ్చారని ఏడవకండి, అది ప్లాస్టిక్.

పెయింటింగ్ దగ్గర మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చూడండి. మెటీరియల్, కూలీ విడివిడిగా చూపని బిల్లు అయితే అందులో 25 శాతమే మెటీరియల్ అని లెక్క, తరుగు ఆ మెటీరియల్‌లో సగమే. అంటే 8,000 బిల్లుకు 1,000 తగ్గాలి. 4,000 తగ్గించారంటే లెక్క తప్పినట్టే.

అసలు పోరాటం ‘రిపేరు సరిపోతుంది, మార్చక్కర్లేదు’, ‘ఇది పాత దెబ్బ’ అన్న రెండు మాటల మీద. హెడ్‌ల్యాంప్ గ్లాసు బాగానే కనిపిస్తుంది, వెనకాల బిగింపు విరిగి ఉంటుంది. బంపర్ విప్పాక దాన్ని దగ్గర నుంచి ఫొటో తీయండి. ఎందుకు మార్చాలో వర్క్‌షాప్‌తో స్టాంపు వేయించి రాయించండి. మళ్లీ తనిఖీ చేయమని రిపేరు మొదలవకముందే అడగండి. రిపేరయ్యాక అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు. పార్టుకు ఒక లైను చొప్పున పట్టిక రాయండి, పేజీ దాటకూడదు. నిజంగానే పాత సొట్టను ఇందులో కలిపారో, మిగతావాటినీ నమ్మరు.

డెలివరీ రోజు హడావిడిలో ‘ఫుల్ అండ్ ఫైనల్’ (ఇంతటితో లెక్క తేలిపోయింది) అని ఉన్న వోచర్ మీద చూడకుండా సంతకం పెట్టకండి. కోతకు ఒప్పుకోవడం లేదని దాని మీదే రాసి, అదే మాట ఆ రోజే మెయిల్ చేయండి.

తర్వాతిది తేలిక. ఫిర్యాదులు చూసే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పట్టిక పంపండి, బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయండి. కంపెనీ కాదంటేనో, నెలలోపు జవాబు రాకపోతేనో, ఏడాదిలోగా బీమా గొడవలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. తెలుగు రాష్ట్రాలకు ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తీర్పు కంపెనీని కట్టేస్తుంది. అందుకే నేను ఎవరినీ ముందు వినియోగదారుల కమిషన్‌కు పొమ్మనను. అక్కడ కేసు వేశాక అంబుడ్స్‌మన్ తీసుకోరు. అంబుడ్స్‌మన్ తీర్పు నచ్చకపోతే మాత్రం కమిషన్‌కు వెళ్లొచ్చు.

విచారణకు పిలిస్తే పట్టిక, ఫొటోలు రెండు సెట్లు తీసుకెళ్లండి. మీరు పడ్డ టెన్షన్ కథ పక్కన పెట్టి, మొదటి పార్టుతో మొదలుపెట్టండి.