పాలియోకి కొత్త క్లచ్: ఏది వేయించానంటే

కడప నుంచి రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే నా పాత ఫియట్ పాలియో 1.6 కారు ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు. కాలిన వాసన కూడా. మర్నాడు ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 40 స్పీడులో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. ఆర్‌పీఎం ముల్లు ఎగిరింది, స్పీడు ముల్లు కదల్లేదు. క్లచ్ జారుతోంది, అంటే ఇంజన్ బలం గేర్‌బాక్స్‌కి పూర్తిగా అందట్లేదు, అనుమానం లేదు.

స్పోర్టీ బండి కదా, రేసింగ్ రకం సిరామిక్ క్లచ్ ప్లేటు వేయిద్దామని నాకు ఆశ. మెకానిక్ అన్న ఒప్పుకోలేదు. "అది మెల్లగా పట్టదు, పట్టిందంటే ఒక్కసారే. ఏడు రోడ్ల కాడ ట్రాఫిక్‌లో ఎట్లా నడుపుతావు?" అన్నాడు. నిజమే. ఇంజన్ పవర్ పెంచనప్పుడు కంపెనీ కొలతల మామూలు ప్లేటే సరిపోతుంది.

గేర్‌బాక్స్ దించితే పాత ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి ఉంది. అంచున వేలు పెడితే ఆయిల్ జిడ్డు! ఇంజన్ వెనక సీల్ కారుతోంది. అది మార్చకపోతే కొత్త ప్లేటూ జారేదే. ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రం, అదే ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు పడ్డాయి, లేత్‌లో సాఫు చేయించాం.

ప్లేటు, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే ఆ పట్టు విడిపించే రిలీజ్ బేరింగ్ మూడూ సెట్టుగానే తీసుకున్నాను. లేకపోతే బేరింగ్ కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాలి, కూలీ రెండుసార్లు. బిగించే ముందు వ్యాసం, మధ్యలోని పళ్లు పాతదానితో సరిచూశాం. మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాను. మొన్న అదే ఘాట్ జారకుండా ఎక్కింది.