మెక్స్67 ప్రోటీన్ నిర్మాణాన్ని పరిశీలించే పద్ధతి

ఈస్ట్ కణంలో జన్యు సమాచారాన్ని మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను కేంద్రకం నుంచి బయటికి దాటించే ప్రధాన వాహకం మెక్స్67. ఇది ఎంటీఆర్2 అనే చిన్న ప్రోటీన్‌తో జతకూడి పనిచేస్తుంది కనుక, రెండూ కలిసి ఉన్న త్రిమితీయ నమూనానే ప్రోటీన్ డేటా బ్యాంక్ (ప్రోటీన్ నిర్మాణాలను భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారం) నుంచి దించుకొని, రెండు గొలుసులకు వేర్వేరు రంగులు ఇవ్వాలి.

మెక్స్67లోని 599 అమైనో ఆమ్లాలలో, ఎన్-కొస (ప్రోటీన్ గొలుసు మొదలయ్యే చివర) నుంచి వరుసగా ఆర్‌ఎన్‌ఏను పట్టే భాగం, ల్యూసిన్ పునరావృతాల భాగం, ఎన్‌టీఎఫ్2 అనే మరో రవాణా ప్రోటీన్‌ను పోలిన భాగం, చివరగా యూబీఏ భాగం (యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను పట్టే భాగాలను పోలినది) ఉంటాయి. అయితే పరిశీలనను ఎన్-కొస నుంచి కాక మూడవ భాగంతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. ఎంటీఆర్2 అతుక్కునేది అక్కడే. ఈ భాగం, ఎంటీఆర్2 రెండింటి మడతలూ (గొలుసు చుట్టుకున్న తీరు) దాదాపు ఒకేలా ఉండటం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మానవులలో ఎంటీఆర్2 స్థానంలో ఉండే ఎన్‌ఎక్స్‌టీ1 అనే ప్రోటీన్‌తో ఎంటీఆర్2 అమైనో ఆమ్లాల వరుసకు చెప్పుకోదగ్గ పోలిక లేకపోయినా, మడత మాత్రం సరిపోలుతుంది. ఈ రెండు ప్రోటీన్ల నమూనాలను ఒకదానిపై ఒకటి పేర్చి చూస్తే ఈ విషయం బోధపడుతుంది.

తరువాత ఉపరితలానికి జలవిముఖత (నీటికి దూరంగా ఉండే గుణం) ఆధారంగా రంగు వేసి, ఎన్‌టీఎఫ్2, యూబీఏ భాగాలపై ఉన్న గుంటలను వెతకాలి. కేంద్రక రంధ్రంలోని ప్రోటీన్ల ఫినైల్‌అలనిన్-గ్లైసిన్ పునరావృతాలు వాటిలోనే ఇముడుతాయి.

ఆల్ఫాఫోల్డ్ (ప్రోటీన్ ఆకృతిని కృత్రిమ మేధతో అంచనా వేసే సాధనం) నమూనాను వాడేవారు, 100కు లెక్కించే విశ్వసనీయతా సూచిక 50 కన్నా తక్కువగా ఉన్న చోట్ల కనిపించే ఆకృతిని నమ్మకూడదు. భాగాలను కలిపే వదులైన గొలుసులు కదులుతూ ఉంటాయి కనుక, ఆ భాగాల మధ్య దూరాలను కొలిచి నిర్ధారణకు రావడం పొరపాటు.