ఏసీ గాలి సన్నగా వస్తోందా? ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి

కారులో ఏసీ మందగించగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయి ఉంటుంది". గ్యాస్ నింపించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బ్లోయర్‌ను (ఏసీ గాలిని తోసే ఫ్యాన్) ఆఖరి స్పీడ్‌లో పెట్టి, వెంట్‌కు ఎదురుగా అరచెయ్యి ఉంచండి. గాలి జోరుగా కొడుతూ చల్లదనం మాత్రం లేకపోతే తేడా గ్యాస్‌లోనో, కంప్రెసర్‌లోనో, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లోనో ఉండొచ్చు. అది మెకానిక్ చూడాల్సిన పని. గాలి చల్లగానే ఉంది కానీ సన్నగా వస్తోంది, మోత మాత్రం బాగా వినిపిస్తోంది అంటే మొదటి అనుమానం కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మీదే. చాలా కార్లలో దాన్ని మార్చడం పది పదిహేను నిమిషాల పని.

ఇంజిన్‌కు వెళ్లే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ వేరు, అది బానెట్ కింద ఉంటుంది. కొనేటప్పుడు రెండూ తారుమారు కాకుండా కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పి అడగండి.

గాలి తగ్గింది, మోత పెరిగింది

కారణం: ఫిల్టర్ మడతల్లో దుమ్ము, పుప్పొడి, ఆకుల ముక్కలు పేరుకుని గాలికి దారి మూసుకుపోవడం. చాలా కంపెనీలు దాదాపు 15,000 నుంచి 30,000 కి.మీ. మధ్య మార్చమంటాయి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి అంత దూరం ఆగకూడదు. నన్నడిగితే కిలోమీటర్ల లెక్క కన్నా అప్పుడప్పుడు తీసి చూసుకోవడమే నయం.

ఎక్కువ కార్లలో ఇది గ్లోవ్ బాక్స్ వెనకాల ఉంటుంది. కొన్నింటిలో డ్యాష్‌బోర్డ్ కింద కాళ్ల దగ్గర, మరికొన్నింటిలో వైపర్ల దగ్గరి ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఈ సంగతి రాసి ఉంటుంది. ఇక్కడ గ్లోవ్ బాక్స్ రకం చెబుతాను.

ఇంజిన్, బ్లోయర్ రెండూ ఆపండి. గ్లోవ్ బాక్స్ ఖాళీ చేసి తెరవండి. పక్కన సన్నటి కడ్డీయో, దారమో తగిలించి ఉంటే ముందు దాన్ని ఊడదీయాలి. బాక్స్ ఒక్కసారిగా కిందికి పడకుండా పట్టి ఉంచేది అదే. తర్వాత బాక్స్ రెండు పక్కలనూ లోపలికి నొక్కితే ఆపుగా ఉన్న బొడిపెలు తప్పుకుని బాక్స్ కిందికి వాలుతుంది. కొన్ని కార్లలో నొక్కితే రాదు, స్క్రూలు ఉంటాయి. రానప్పుడు బలం చూపించకండి, ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్ టక్కున విరిగిపోతుంది. పసుపు రంగు వైరు, కనెక్టర్ కనిపిస్తే వాటి జోలికి పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

వెనకాల సన్నటి పొడవాటి మూత కనిపిస్తుంది. చివర్లలోని క్లిప్పులు నొక్కి మూత తీసి, ఫిల్టర్‌ను మెల్లగా, తిరగబడకుండా బయటికి లాగండి. కుదిపితే దాని మీది చెత్త బ్లోయర్‌లో పడుతుంది.

ఇక్కడ చాలామంది తికమకపడేది బాణం గుర్తు దగ్గర. ఫిల్టర్ అంచు మీద 'ఎయిర్ ఫ్లో' అని ఉంటే ఆ బాణం గాలి వెళ్లే దిక్కును చూపిస్తుంది. 'అప్' అని ఉంటే ఆ అంచు పైకి రావాలని మాత్రమే అర్థం, దానికీ గాలికీ సంబంధం లేదు. పాతది ఎలా ఉంటే కొత్తదీ అలాగే పెట్టేద్దామనుకుంటే, పాతదాన్నే ఎవరో తిరగేసి పెట్టి ఉండొచ్చు. అందుకే పాత ఫిల్టర్ మీది మురికిని చూడండి. నల్లబడిన వైపు నుంచే గాలి లోపలికి వస్తోంది, ఇందులో మోసం ఉండదు. కొత్త ఫిల్టర్ బాణం మురికి వైపు నుంచి శుభ్రంగా ఉన్న వైపుకు చూపించాలి.

పెట్టే ముందు ఫిల్టర్ గూటిలో టార్చి వేసి, ఆకులేమైనా ఉంటే వ్యాక్యూమ్‌తో లాగేయండి. కొత్తది ఎక్కడా మడత పడకుండా చివరిదాకా జరపాలి. అంచున సందు మిగిలితే గాలి ఆ సందులోంచే పోతుంది, ఫిల్టర్ ఉన్నా లేనట్టే.

పాతదాన్నే కడిగి వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కడిగి వాడేలా తయారుచేసినదైతే తప్ప వద్దు. తడిసిన కాగితం ఉబ్బి, ఆరాక బిగువు పోతుంది. కంప్రెసర్ గాలి కొట్టినా పీచు చిరిగే ప్రమాదం ఉంది.

మార్చినా గాలి పెరగలేదు

బయల్దేరినప్పుడు బాగానే ఉండి, అరగంటకు గాలి తగ్గిపోయి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ వస్తుంటే, గాలిని చల్లబరిచే ఇవాపరేటర్ మీద మంచు గడుతోందని అనుమానించాలి. గ్యాస్ తక్కువైనా, గాలి సరిగా ఆడకపోయినా అలా జరుగుతుంది. ఆఖరి స్పీడ్ ఒక్కటే పనిచేసి మిగతావి పనిచేయకపోతే సాధారణంగా బ్లోయర్ స్పీడ్ తగ్గించే రెసిస్టర్ పోయినట్టు.

ఏసీ వేయగానే బూజు వాసన

ఫిల్టర్ తడిగా ఉందేమో ముట్టుకుని చూడండి. తడిగా ఉంటే కొత్తది వేసినా వాసన మళ్లీ వస్తుంది, ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చాలి. వైపర్ల కింది గాడిలో ఆకులు నిండి, వాన నీళ్లు పోయే రంధ్రాలు పూడుకుపోవడం తరచూ కనిపించే కారణం. అక్కడ చెయ్యి పెట్టి తీసేయండి.

ఫిల్టర్ పొడిగా ఉండి కూడా వాసన వస్తే ఇవాపరేటర్ మీద తేమకు బూజు పట్టి ఉంటుంది. దానికి విడిగా క్లీనర్ స్ప్రే కొట్టించాలి. దిగడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ ఒక్కటే తిప్పితే లోపలి తడి కొంత ఆరుతుంది. ఏసీ వాడాక బండి కింద నీటి చుక్కలు పడకుండా, ముందు సీటు దగ్గరి కార్పెట్ తడిస్తే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది.

బయటి పొగ, వాసన లోపలికి రావడమే మీ ఇబ్బంది అయితే యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న బూడిద రంగు ఫిల్టర్ వేయించుకోవచ్చు. తెల్లది దుమ్మును ఆపుతుంది, వాసనను ఆపలేదు.

టకటక శబ్దం

స్పీడ్ పెంచిన కొద్దీ టకటక వేగం కూడా పెరిగితే బ్లోయర్ రెక్కల్లో ఆకో, పుల్లో ఇరుక్కుంది. ఫిల్టర్ మార్చిన వెంటనే మొదలైతే, లాగేటప్పుడు పడిన చెత్తే. చినిగిన కాగితం, గడ్డి, పెంటికలు కనిపిస్తే ఎలుక గూడు పెట్టింది. అప్పుడు చేతికి గ్లౌజు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. దగ్గర్లోని వైర్లు కొరికిందేమో కూడా చూడండి.

అద్దాలకు పొగమంచు

గాలి సరిపోకపోతే అద్దం త్వరగా ఆరదు, కాబట్టి మూసుకుపోయిన ఫిల్టర్ ఒక కారణమే. అంతకంటే ముందు రీసర్క్యులేషన్ బటన్ (లోపలి గాలినే తిప్పేది) ఆన్‌లో ఉండిపోయిందేమో చూడండి, మన ఊపిరిలోని తేమే లోపల తిరుగుతూ ఉంటుంది. అద్దం మీద జిడ్డు పొర పడి, తియ్యటి వాసన వస్తుంటే మాత్రం డ్యాష్‌బోర్డ్ వెనక ఉండే హీటర్ కోర్ నుంచి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతూ ఉండొచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడండి. తగ్గి ఉంటే ఆ బండిని దూర ప్రయాణానికి తీయకుండా నేరుగా మెకానిక్‌కు చూపించండి.