విండోస్ 7ని ఇంకా ఎలా వాడుతున్నానంటే
నా పాత స్కానర్‌కి కొత్త విండోస్‌లో డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) దొరకదు, స్కానర్ మాత్రం భేషుగ్గా ఉంది, అందుకే విండోస్ 7ని వదల్లేదు. 2020 జనవరి 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి ముందు చేసిన పని నెట్ పీకేయడం: కేబుల్ తీసేసి, డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌ని కూడా డిజేబుల్ చేశా. సగం టెన్షన్ అక్కడే పోయింది. తర్వాత ఎస్ఎంబీ 1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిని ఆపేశా (2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ పాకింది ఆ దారిలోనే), పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే స్పందించే ఆటోప్లే తీసేశా, రోజువారీ పనికి అడ్మిన్ కాని అకౌంట్ పెట్టుకున్నా. స్కాన్ చేసిన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే బయటికి వెళ్తాయి, దాన్ని మళ్లీ కొత్త కంప్యూటర్‌లో ఫార్మాట్ చేశాకే ఇందులో పెడతా, కాస్త చాదస్తమే అనుకోండి. యాంటీవైరస్ వేస్తే చాలదా అంటారు కొందరు. చాలదు, విండోస్‌లోనే ఉన్న లోపాన్ని అది సరిచేయలేదు. సిస్టమ్ ఇమేజ్ (విండోస్ మొత్తానికి కాపీ) ఒకటి మాత్రం బయటి హార్డ్ డిస్క్‌లో దాచా.