యూ పొద పసుపెక్కితే ముందు వేరు చూడండి

న్యూజెర్సీలో మేం కొన్న ఇంటి ముందు వరుసగా ఆరు యూ (yew) పొదలు, అంటే ఏడాది పొడవునా పచ్చగా ఉండే సూదాకుల పొదలు, ఉండేవి. మొదటి ఏడాదే రెండు పోయాయి. ఎండిపోతున్నాయనుకుని, పెరట్లో మందారానికి పోసినట్టు రోజూ సాయంత్రం నీళ్ళు పోశాను. వాటి ప్రాణం తీసింది ఆ నీళ్ళే.

ఆకులు పసుపెక్కి, తర్వాత గోధుమరంగుకు తిరిగి, కొమ్మలకు కొమ్మలే ఎండుతున్నాయా?

ముందుగా అనుమానించాల్సింది నీరు నిలవడాన్నే. యూ నీడకు ఓర్చుకుంటుంది, మంచుకు ఓర్చుకుంటుంది, కత్తెరకూ ఓర్చుకుంటుంది. మొదలు దగ్గర నీరు నిలిస్తే మాత్రం ఓర్చుకోలేదు. వేళ్ళకు గాలి ఆడదు, ఫైటాఫ్తొరా తెగులు సోకి కుళ్ళు మొదలవుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు కాబట్టి, ఆ చెట్టు అచ్చం దాహంతో ఉన్నట్టే కనిపిస్తుంది. మనం ఇంకా పోస్తాం.

మొదలుకు జానెడు దూరంలో జానెడు లోతు తవ్వండి. మట్టిని పిడికిట్లో నొక్కితే నీరు కారుతోందా? ఒక సన్నవేరు పట్టి లాగండి. మంచిదైతే లోపల తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్ళినదైతే పైతోలు గొట్టంలా ఊడి చేతికొస్తుంది, లోపల దారంలాంటి నార మిగులుతుంది. మావి అలాగే ఊడొచ్చాయి. తలెత్తి చూస్తే, చూరు నీళ్ళు దించే గొట్టం సరిగ్గా ఆ రెంటి మొదట్లోనే దిగి ఉంది.

గొట్టాన్ని దూరంగా మళ్ళించండి. నీళ్ళు పోయడం ఆపండి. ఎరువు అసలు వద్దు, దెబ్బతిన్న వేళ్ళు దాన్ని భరించలేవు. సగానికి పైగా వేళ్ళు బాగుంటే తవ్వి తీసి, గట్టులా ఎత్తు చేసిన మట్టిలో నాటొచ్చు. చచ్చిపోయినచోట మళ్ళీ యూ పెట్టకండి.

ఆకుల అంచుల్లో గంట్లు

రాత్రిపూట తిరిగే నల్లటి ముక్కు పురుగు పని. ఆ గంట్లతో పొదకు పెద్ద నష్టం లేదు. మట్టిలో వేళ్ళు కొరికే దాని పిల్లపురుగులే ప్రమాదం: తెల్లగా, కాళ్ళు లేకుండా, కొడవలిలా వంగి ఉంటాయి. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో, ఆ పురుగుల్ని చంపే సన్నటి నులిపురుగులు (నెమటోడ్లు) కొని, నీళ్ళలో కలిపి తడిమట్టిలో పోయండి.

చలికాలం చివర్లో ఒకవైపే ఎర్రబడితే

నేల గడ్డకట్టి వేరుకు నీరందక, గాలి తగిలిన వైపు ఆకు మాడుతుంది. వెంటనే కత్తిరించకండి. గోటితో బెరడు గీకండి, కింద పచ్చగా ఉంటే కొమ్మ బతికే ఉంది. మే నెలలో చిగుళ్ళు వచ్చాక చూసుకోవచ్చు.

లోపలంతా బోడిగా ఉందా?

యూలో నాకు బాగా నచ్చేది ఇదే. థుజాలాంటి కంచె మొక్కలు ముదురు కొమ్మకు కోస్తే అక్కడ మళ్ళీ చిగురించవు. యూ చిగురిస్తుంది. వసంతం మొదట్లో, రెండు మూడేళ్ళకు పంచుకుంటూ ధైర్యంగా కొట్టండి.

కింద ఆకులన్నీ మాయమైతే జింకలు. వల కట్టడం నమ్మకమైన మార్గం.

కత్తిరించిన కొమ్మల్ని మాత్రం అక్కడే వదిలేయకండి, ఎండినా విషమే. ఎర్రటి పండు గుజ్జు ఒక్కటి మినహా ఆకు, బెరడు, గింజ అన్నీ గుండెను ఆపగల విషాలు. ఇంట్లో పసిపిల్లలుంటే పండ్లు కాసే ఆడపొదల్ని తీసేయించడమే మంచిదని నా అభిప్రాయం. ఎవరైనా నోట్లో పెట్టుకుంటే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, మనిషి స్పృహ తప్పితే 911.